తలకిందులుగా చదివిన అంకె

1984 జూన్ 17, ఆదివారం. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, గుమ్మడి వడియాలు, పెరుగన్నంలోకి సగం బంగినపల్లి పండు. పప్పులో ఉప్పు రవ్వంత తక్కువైంది. ఇరవై రెండేళ్ళు గడిచినా ఆ మధ్యాహ్న భోజనం అచ్యుతరావుకి ఇంత వివరంగా గుర్తుండిపోయిందంటే, అదేదో పండగ భోజనం కావడం వల్ల కాదు. ఆ సాయంత్రం, కొడుకు వంశీధర్ కొత్త పుస్తకాలకి అట్టలు వేయడానికి ఖాకీ కాగితం కొనుక్కుని స్కూటర్ మీద వస్తూ, పంజగుట్ట చౌరస్తాలో లారీ తగిలి ఆయన తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలో మత్తు డాక్టరు ఆఖర్న ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు అని అడిగితే, మాట్లాడగలిగే స్థితిలోనే ఉన్న ఆయన్ని కాదని భార్య కమలకుమారి ముందుకొచ్చి, వడ్డించిన వరసలో అన్నీ అప్పజెప్పింది, ఉప్పు సంగతితో సహా. మత్తు డాక్టరు నవ్వాపుకుంటూ రాసుకున్నాడు. తన ఒంటి గురించి ఎవరేమడిగినా జవాబు చెప్పే హక్కు ఇంట్లో ఆడవాళ్ళదేనని అచ్యుతరావు ఆ రోజే ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నందువల్ల ఇన్నేళ్ళలో నష్టపోయిందీ లేదు. ఇవాళ, 2006 నవంబరులో ఒక సాయంత్రం ఆరూ పదికి, అదే పంజగుట్టలో ఒక ఆస్పత్రి రెండో అంతస్తులో, కాలేయం డాక్టరు గది బయట వరసగా వేసిన కుర్చీల్లో కూర్చుని, పద్నాలుగో నంబరు చీటీ చేత్తో పట్టుకుని ఉండగా, మొట్టమొదటిసారి ఆ ఒప్పందం ఆయనకి భయం కలిగించింది.

ఎందుకంటే పక్క కుర్చీలో ఉన్న కోడలు రాగసుధ అయిదు నిమిషాల కిందటే ఆయన తరఫున ఒక జవాబు చెప్పింది. డాక్టరు గది తలుపు దగ్గర చిన్న బల్ల వేసుకుని కూర్చునే అమ్మాయి పేరు ఫేబీ. తెల్ల కోటు జేబు అంచుకి నీలం సిరా మరక, మెడలో సన్నటి గొలుసుకి వేలాడే చిన్న శిలువ. అట్టకి కాగితం బిగించుకుని వచ్చి, లోపలికి పంపేముందు అందరినీ అడిగేవే అంకుల్ అని నవ్వి, చూపు మాత్రం రాగసుధ వైపు తిప్పింది. "అంకుల్ స్నానం, బట్టలు, గవన్నీ తనే చేస్కుంటరా అక్కా? దినంల ఎంతసేపు మంచం మీద ఉంటరు?" రాగసుధ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. "మేం చేసుకోనిస్తామా అండీ? ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ వేలు కదపనివ్వట్లేదు. నీళ్ళు తోడిపెట్టేదీ నేనే, బట్టలు తీసిచ్చేదీ నేనే. కాఫీ కూడా మంచం దగ్గరికే. ముప్పాతిక రోజు పడుకునే ఉంటారు మామయ్యగారు." అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి ఆ కోడలి వంక మెచ్చుకోలుగా చూశారు. ఎదర కుర్చీలో ముసలావిడ తన పక్కనున్న కొడుకు వైపు ఒక చూపు విసిరింది కూడా. ఫేబీ తలూపి ఒక గడిలో ఒక అంకె వేసింది. లైబ్రరీ కౌంటరు వెనక ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డ మనిషికి ఎదుటివాళ్ళ చేతిలోని కాగితం తలకిందులుగా చదవడం కళ్ళు ఆర్పినంత తేలిక. అచ్యుతరావు చదివాడు. మూడు.

ఆ మూడుకి అర్థం ఆ వరండాలో కూర్చున్నవాళ్ళలో ఆయన ఒక్కడికే తెలుసు. రెండు నెలల కిందట వేరేచోట గడ్డ బయటపడ్డాక, పదిహేను రోజుల కిందట మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు డాక్టర్ రాజనర్సయ్య చెప్పాడు. అప్పుడు వంశీధర్ ఆఫీసు ఫోనొస్తే బయటికెళ్ళాడు, రాగసుధ కింద మందుల షాపు వరసలో నిలబడి ఉంది. గదిలో డాక్టరూ ఆయనా ఇద్దరే. వరంగల్ వైపు మనిషి, అరవైకి దగ్గరపడ్డవాడు, చెప్పులు బల్ల కిందికి విడిచేసి వట్టి కాళ్ళతో కూర్చునే డాక్టరు. మందుచీటీ వెనక్కి తిప్పి, రెండు నిలువు గీతలు గీసి, మూడు గళ్ళు చేశాడు. "గడ్డ ఒక్కటే చూసి స్టేజి చెప్పెటోడు సగం డాక్టరే సార్. గడ్డ ఉన్నది లివర్ల. లివర్ ఉన్నది మనిషిల. మూడూ చూడాలె." మొదటి గడి గడ్డది: ఒకటా, నాలుగైదా, ఎన్ని సెంటీమీటర్లు, కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద సిరలోకి పాకిందా లేదా. రెండో గడి కాలేయానిది: గడ్డ సంగతి పక్కనపెట్టి, మిగిలిన కాలేయం తన పని తాను చేస్తోందా. కామెర్ల పసుపు ఎంత, రక్తంలో మాంసకృత్తు ఎంత, రక్తం సరిగా గడ్డకడుతోందా, పొట్టలో నీరు చేరిందా, మనసు మసకబారుతోందా, అయిదిటికీ మార్కులు. ఇక మూడో గడి మనిషిది. మనిషి లేచి తిరుగుతున్నాడా, తన పని తాను చేసుకుంటున్నాడా, మంచాన పడ్డాడా. సున్నా నుంచి నాలుగు దాకా. సున్నా అంటే ఎప్పటిలా ఉన్నాడని, నాలుగంటే మంచం దిగలేడని. ఈ మూడు గళ్ళూ కలిపితే ఒక అక్షరం వస్తుంది. ఏ అయితే కోసి తీసెయ్యొచ్చు, లేకపోతే సూది గుచ్చి గడ్డ ఉన్నచోటే కాల్చెయ్యొచ్చు. బి అయితే గడ్డకి పోయే రక్తనాళం మూసి మందు పంపాలి. సి వస్తే చేతిలో ఉన్నది తక్కువ. డి వస్తే నొప్పి తెలీకుండా చూసుకోవడం. మనిషి గడిలో మూడు పడితే, మిగతా రెండు గళ్ళూ ఎంత శుభ్రంగా ఉన్నా, అక్షరం డి.

మిగతా రెండు గళ్ళూ శుభ్రంగానే ఉన్నాయి, అది ఆయనకి తెలుసు. స్కానింగ్ రిపోర్టూ, కొత్తగా వచ్చిన రక్తపరీక్షల కాగితాలూ నిన్ననే ఇంట్లో రెండుసార్లు చదువుకున్నాడు. గడ్డ ఒకటే, రెండూ పాయింటు ఎనిమిది సెంటీమీటర్లు, సిర ఖాళీ. కాలేయానికి అయిదు మార్కులు, అంటే మంచి తరగతి. అందుకే ఇంట్లోంచి ధైర్యంగా బయల్దేరాడు. ఇవాళ అక్షరం చెప్పే రోజు, ఆ అక్షరం ఏ అవుతుందని మనసులో ఎక్కడో నమ్మకం. ఇప్పుడు ఆ ఏ కీ ఆయనకీ మధ్య కోడలి గర్వం అడ్డంగా నిలబడింది. గది తలుపు తెరుచుకుంది. ఫేబీ తొమ్మిది అని పిలిచింది. ఇంకా అయిదుగురు.

గడ్డని అసలు మొదట అడిగే ప్రశ్న కూడా ఆయనకి నచ్చింది. నచ్చింది అనడం బాగుండదేమో, తన ఒంట్లో ఉన్నదాని గురించి. కానీ నచ్చింది. కాలేయంలో గడ్డ కనిపిస్తే ముందు అది ఇక్కడే పుట్టిందా, వేరేచోట పుట్టి ఇక్కడికి వచ్చి దిగిందా అని చూస్తారట. పేగులోదో, రొమ్ములోదో, రక్తంతోపాటు కొట్టుకొచ్చి ఇక్కడ కాపురం పెడితే దానికి పేరు కాలేయం కాన్సరు కాదు, దాని సొంతూరి పేరే. ఇక్కడే పుట్టిందైతే కాలేయం సొంత కణాల్లోంచా, పైత్యరసం పారే గొట్టాల గోడల్లోంచా అని రెండో ప్రశ్న. రక్తంలోకి మందు ఎక్కించి ఫోటో తీస్తే ఆయన గడ్డ ముందు తళుక్కున మెరిసి, నిమిషం తిరక్కుండానే చుట్టూ ఉన్న కాలేయం కన్నా వెలవెలబోయిందట. ఆ మెరుపూ ఆ వెలవెలా చాలు సార్, కోసి ముక్క తియ్యక్కర్లేదు, గిది ఈడ పుట్టిందే అన్నాడు డాక్టరు. అమీర్‌పేటలో ఇన్నేళ్ళున్న తనని ఎవరైనా అలా ఫోటో తీస్తే ఏం తేలుతుందో. తెనాలిలో పుట్టి, ఉద్యోగానికి ఇక్కడికొచ్చి దిగి, పక్కింటివాళ్ళతో ఇవాళ్టికీ ఏవండీ, గారూ తప్ప మాట్లాడలేనివాడు. మైత్రివనం దగ్గర సందుల్లో, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో, మంచానికి మంచం ఆనించి పడుకుని జావా, ఒరాకిల్ నేర్చుకునే పిల్లలంతా ఎక్కడెక్కడివాళ్ళో. ఆ వీధుల్లో స్తంభాలకి కట్టిన బ్యానర్లన్నీ ఎక్కణ్ణుంచో వచ్చి ఇంకెక్కడికో వెళ్ళిపోయేవాళ్ళ కోసమే. తనకొచ్చిన గడ్డ ఒక్కటే ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళోనే ఉంటున్నది. కమలకుమారి ఉంటే ఈ మాటకి నవ్వేది. ఛ, ఏం మాటలండీ అని నవ్వేది.

పది.

లైబ్రరీలో పుస్తకం పోవడమంటూ ఉండదు, తప్పుచోట ఉండటమే ఉంటుంది. తేనెటీగల పెంపకం మీద ఒక పుస్తకం, వీపు మీద అంటించిన చీటీలో ఒక్క అంకె తప్పుపడి, రోడ్ల నిర్మాణం పుస్తకాల మధ్య పదకొండేళ్ళు నిద్రపోయింది. దానికోసం ఒక కుర్రాడు మూడుసార్లు వచ్చి వెళ్ళాడు. కార్డు ఉంది, పుస్తకం లేదు బాబూ అని అచ్యుతరావే చెప్పి పంపాడు. గోడలకి సున్నం వేయడానికి బీరువా జరిపితే బయటపడింది. కొత్తదానిలా ఉంది. చెదలు ముట్టలేదు, ఎవరూ ముట్టలేదు. ఆ చీటీ మీది దస్తూరీ తనదే. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు. కమలకుమారి ఎందుకని అడిగితే పుస్తకం దొరికిందని చెప్పాడు. దొరికితే తినకపోవడం ఏమిటని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఇప్పుడు ఆ బల్ల మీద, కింద నుంచి రెండో ఫైలులో, తన వీపు మీద కూడా అలాంటి చీటీ ఒకటి అంటించి ఉంది. అంటించినవాళ్ళ తప్పేం లేదు. చెప్పింది రాసుకుంది ఆ పిల్ల.

ఎవరో, ఏ దేశంలోనో, కొందరు డాక్టర్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని వేలమంది రోగుల కాగితాలు ముందు వేసుకుని, గడ్డ కొలత సరిపోదు, ఈ మనిషి పొద్దున్నే లేచి తన బట్టలు తాను కట్టుకున్నాడా అన్నది కూడా రాయాలి అని పట్టుబట్టి ఉంటారు. వాళ్ళ పేర్లు ఆయనకి తెలీవు. పుస్తకాల వర్గీకరణలో ఆ గడి లేదు. పుస్తకం దేని గురించో చెబుతారు గానీ పుస్తకం ఇంకా నిలబడగలుగుతోందా లేదా అని అంకె వేసినవాడు లేడు. తన వృత్తికి తోచనిది వాళ్ళకి తోచింది. సెంటీమీటర్ల పక్కన సమానంగా స్నానపు చెంబుకి ఒక గడి ఇచ్చారు. అది తలుచుకుంటే ఆయనకి ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చి గుమ్మంలోనే, బాగున్నావా, తింటున్నావా అని అడిగినట్టు ఉంటుంది.

కిటికీలోంచి కింద రోడ్డు. వంతెన కోసం తవ్విన గుంతల పక్కనుంచి ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. వాళ్ళని తీసుకొచ్చిన ఆటో మొగిలయ్య కాలనీ మలుపులోనే ఉంటాడు, తెలిసినవాడు. ఎక్కేటప్పుడే ఏ డాక్టరు సార్ అని అడిగి, లివర్ అనగానే అద్దంలోంచి చూస్తూ, "గట్ల కనవడరు గని సార్, అప్పట్ల మస్తు తాగేటోళ్ళా?" అన్నాడు. రాగసుధ ముఖం ఎర్రబడింది. అచ్యుతరావు మాత్రం, కాఫీయే మొగిలయ్యా, రోజుకి నాలుగు అన్నాడు. మొగిలయ్య ఏం ఫికర్ చెయ్యకుండ్రి సార్ అంటూ గుంతలు తప్పించి, గాజుసామాను తెస్తున్నవాడిలా తెచ్చి దించాడు. చుట్టాలు కూడా ఇదే అడిగారు, కొంచెం మర్యాదగా. తాగనివాడికి కాలేయం ఎలా చెడిందని. ఎలా చెడిందో డాక్టరు లెక్కగట్టి చెప్పాడు. ఎనభై నాలుగులో తొడ ఎముక విరిగినప్పుడు ఒక సీసా రక్తం ఎక్కించారు కదా, అప్పుడు దానితో ఒక వైరస్ వచ్చి ఉంటుంది సార్, అప్పటికి దానికి పేరు సుత పెట్టలేదు, పరీక్ష యాడిది. ఇరవై ఏళ్ళు చప్పుడు చేయకుండా కాలేయాన్ని గట్టిపరుస్తూ పోయింది. వంశీధర్ ఆ మాట విన్న రాత్రి కోపంతో గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఎవడి రక్తమో అన్నాడు. ఎవడిదో అచ్యుతరావుకి తెలుసు, పేరు తెలీదు గానీ మనిషి తెలుసు. రిక్షా తొక్కేవాడు. ఎవరినో దించడానికి ఆస్పత్రి గేటు లోపలికి వచ్చి, రక్తం కావాలని కమలకుమారి అందరినీ బతిమాలుతుంటే నిలబడి విని, నాది తీస్కో అమ్మా అన్నాడట. రక్తమిచ్చి, ఒక సోడా తాగి, రిక్షా అడ్డంగా ఉందని ఎవరో కేకేస్తే వెళ్ళిపోయాడు. అన్నం పెట్టి పంపుదామని కమలకుమారి మూడు రోజులు గేటు దగ్గర వెతికింది. ఆ మనిషి తనలో ఏం మోస్తున్నాడో తనకే తెలీదు పాపం. ఇచ్చింది మాత్రం ఇరవై రెండేళ్ళు. వాటిలో పంతొమ్మిది కమలకుమారితో. వంశీధర్ పుస్తకాలకి ఆ ఏడూ, ఆ తర్వాతా అట్టలు వేసింది ఆ రక్తమే. ఆ సీసాతో వచ్చిన రెంటిలో ఒకదాన్నే లెక్కపెట్టడం అచ్యుతరావుకి చేతకాదు. అతను ఇప్పుడు ఎక్కడున్నాడో, అతని కాలేయాన్ని ఎవరైనా చూశారో లేదో, అతని గడిలో ఎవరు ఏ అంకె వేశారో.

పదకొండు. ముసలావిడా కొడుకూ లేచి లోపలికి వెళ్ళారు.

చెప్పాలంటే ఒక్క మాట. ఫేబీని పిలిచి, అమ్మాయీ, మా కోడలు చెప్పింది నిజం కాదు, నేను రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తాను అంటే అయిపోతుంది. లేచి, చప్పుడు కాకుండా డికాక్షన్ దించుకుని, చిక్కటి కాఫీ ఒక గ్లాసు తాగి, ఫిల్టరు కడిగి బోర్లించి, బనీనూ తువ్వాలూ ఉతికి, నాలుగంతస్తులు ఎక్కి మేడ మీద ఆరేసి, కమలకుమారి డబ్బాలో పెట్టి వెళ్ళిన కరివేపాకు మొక్కకి చెంబుడు నీళ్ళు పోసి, తూర్పు తెల్లబడే దాకా అక్కడే అటూ ఇటూ తిరిగి, ఆరింటికల్లా దిగొచ్చి మంచమెక్కి కళ్ళు మూసుకుంటాను. ఆరుంపావుకి రాగసుధ మెల్లిగా తలుపు తట్టి, కాఫీ మామయ్యగారూ అంటుంది. అప్పుడు రెండో కాఫీ. అప్పుడే నిద్ర లేచినవాడిలా ముఖం పెట్టడం మొదట్లో కష్టమయ్యేది, ఇప్పుడు అలవాటైంది. ఆ తర్వాత పగలంతా మంచం మీద పుస్తకం చదువుకుంటూ ఉంటాను. నీరసం వల్ల కాదు. లేస్తే ఆ పిల్ల పరుగెత్తుకొస్తుంది, అందుకని. ఇది అందరి ముందు చెబితే? మూడేళ్ళ కిందట కమలకుమారి పదకొండో రోజున, వంటింటి గుమ్మంలో కూర్చుని చుట్టాలావిడ ఒకామె అన్నది ఆయనకి ఇంకా వినిపిస్తుంది. ఉద్యోగం చేసే కోడలు, ఇక అచ్యుతరావుకి హోటలు మెతుకులే రాసిపెట్టి ఉన్నాయి. లోపల గిన్నెలు తోముతున్న రాగసుధ వింది. నీళ్ళ చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. ఆ ఒక్క క్షణంలో ఆ పిల్ల ఏం నిర్ణయించుకుందో ఈ మూడేళ్ళలో ఆయన రోజూ తింటూనే ఉన్నాడు. పొద్దున్న ఏడు గంటల బ్యాచికి మైత్రివనం దగ్గర కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠం చెప్పడానికి పరుగెత్తే మనిషి, ఆరుముప్పావుకల్లా రెండు కూరలు వండి మూతలు పెట్టి వెళుతుంది. రెండు నెలలుగా ఉప్పు తగ్గించమన్నారని తానూ ఉప్పు తగ్గించుకుని తింటోంది. అలాంటి పిల్లని పట్టుకుని, నువ్వు నాకు చేసేదంతా నాకు అక్కర్లేనిది, నీ మనసు కోసం పడుకున్నానమ్మా అని ఇంతమంది ముందు ఎలా అనడం. అనకపోతే డి. డి వస్తే ఇంక ఈ పిల్లే రాత్రింబవళ్ళు నిజంగా మంచం పక్కన కూర్చోవాలి, ఇప్పుడు అబద్ధంగా చెప్పినవన్నీ నిజంగా చెయ్యాలి. ఆ ఆలోచన వచ్చేసరికి అచ్యుతరావు చీటీని రెండు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు. మూడు. మూడు అంకెని కలంతో సున్నాగా దిద్దడం కూడా తేలిక కాదు, కొట్టేసి కొత్తది రాయాల్సిందే.

పన్నెండు అని ఫేబీ పిలిచినప్పుడు ఆయన నోరు తెరిచాడు.

"రాగసుధా."

"ఏంటి మామయ్యగారూ, మంచినీళ్ళు కావాలా?"

"కాదమ్మా. ఇందాక ఆ అమ్మాయి అడిగింది నీ గురించి కాదు. మీరు నన్ను ఎలా చూసుకుంటున్నారని కాదు. నాలో ఓపిక ఎంత మిగిలిందని. దానికి మార్కులుంటాయి. లేదని రాస్తే కొయ్యరు, కాల్చరు. ఊరికే మందులిచ్చి ఇంటికి పంపేస్తారు."

రాగసుధ ఫేబీ బల్ల మీది ఫైళ్ళ వంక చూసింది. ముఖంలో రంగు మెల్లమెల్లగా దిగిపోవడం ఆయనకి కనిపించింది. బాగా చూసుకుంటున్నారా అని అడుగుతున్నారనుకున్నాను అంది, తనలో తాను. ఆయన ఇక ఆగితే చెప్పలేననుకుని, అసలు సంగతేమిటంటేనమ్మా, తెల్లవారుజామున నేను, అని మొదలుపెట్టాడు.

"ఫిల్టరు రోజూ తడిగానే ఉంటుంది మామయ్యగారూ," అంది రాగసుధ.

అచ్యుతరావు చీటీ వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

"నేను టెస్టింగ్ చెప్పేదాన్ని. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూడటమే నా పని."

"మరి ఒక్కసారీ అడగలేదేమ్మా?"

"మీరు దాచుకుంటున్నారు కదా. దాచుకోనిద్దామని." అని లేచి, కొంగు భుజం మీదికి లాక్కుని ఫేబీ దగ్గరికి నడిచింది.

కోడలి వీపు వంక చూస్తూ కూర్చున్నాడు అచ్యుతరావు. రెండు నెలలు. రెండు నెలలు ఆయన ఆ పిల్ల మనసు కష్టపెట్టకూడదని నిద్ర నటిస్తే, ఆ పిల్ల ఆయన మనసు కష్టపెట్టకూడదని నిద్ర లేపుతూ వచ్చింది. ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు రెండో కాఫీ ఇచ్చుకున్నారు. అంత పొద్దున్నే లేని నిద్రని అంత నెమ్మదిగా తలుపు తట్టి లేపడం ఎవరు నేర్పారో. కమలకుమారి నేర్పలేదు, ఆవిడ గట్టిగానే లేపేది. బల్ల దగ్గర రాగసుధ వంగి ఏదో చెబుతోంది. ఫేబీ విని, ఒకసారి తల పక్కకి వంచి ఆయన్ని చూసి, నేను రాసింది నేను కొట్టెయ్యనీకి రాదక్కా, సార్‌కే చెప్పాలె, లోపటికి పోంగనే ముందుగాల గదే చెప్పుండ్రి అంది. తర్వాత గొంతు తగ్గించినా ఆయనకి వినబడింది. "లిఫ్టు బంద్ ఉన్నది కద. రెండంతస్తులు ఎక్కొచ్చి మూడుసార్లు సుత దమ్ము తీస్కోలే. గీయనకు మూడేంది అని నాకు సుత డౌటొచ్చింది. అడగాల్సుండె." అడగాల్సింది అని ఒప్పుకోవడానికి ఆ వయసులో ఎంత మంచితనం ఉండాలి. పదకొండేళ్ళ తర్వాత గానీ తను ఒప్పుకోలేకపోయాడు.

పద్నాలుగు.

గదిలో డాక్టర్ రాజనర్సయ్య వట్టి కాళ్ళతోనే ఉన్నాడు. కాగితం చూసి, కళ్ళజోడు తీసి, గీ మూడు ఏంది సార్ అన్నాడు. అచ్యుతరావు జవాబు చెప్పబోయాడు. రాగసుధ ముందుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందట కమలకుమారి ముందుకొచ్చినట్టే, అదే వరసలో, ఒక్కటీ వదలకుండా. నాలుగున్నరకి లేస్తారు. కాఫీ పెట్టుకుంటారు. బనీను ఉతుక్కుంటారు, తువ్వాలు కూడా. నాలుగంతస్తులు ఎక్కుతారు, మధ్యలో ఆగరు, నేను లెక్కపెట్టాను, నలభై నాలుగు నిమిషాలు పైన తిరుగుతారు. పాత పేపర్లు కట్టలు కట్టి కిందికి దించుతారు. "పోయిన బుధవారం నేను బ్యాచికెళ్ళాక బస్సెక్కి ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్ళి గోంగూర తెచ్చారండీ. కింది ఫ్లాట్ రుద్రమ్మగారు ఇచ్చారని చెప్పారు నాతో. రుద్రమ్మగారు అంతకుముందు సోమవారం నుంచీ కరీంనగర్లో ఉన్నారు." డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. గోంగూర ఎన్ని కట్టలు సార్ అన్నాడు. రెండు అన్నాడు అచ్యుతరావు, తప్పు దొరికిన పిల్లాడిలా. ఊళ్ళో లేని రుద్రమ్మగారి పేరు వాడుకున్నందుకు నిజంగానే సిగ్గేసింది. డాక్టరు నవ్వలేదు. లేచి నిలబడమన్నాడు, కుర్చీ పట్టుకోకుండా కూర్చోమన్నాడు, మళ్ళీ లేవమన్నాడు, తలుపు దాకా నడిచి రమ్మన్నాడు. పొట్ట నొక్కి చూశాడు. అప్పుడు కలం తీసి ఆ మూడుని అడ్డంగా కొట్టేసి, పక్కన గుండ్రంగా, తీరిగ్గా, ముగ్గు చుక్క చుట్టూ తిప్పినట్టు ఒక సున్నా చుట్టాడు. కింద అక్షరం వేశాడు. ఈసారి తలకిందులుగా చదవాల్సిన పని లేకుండా కాగితం ఆయన వైపే తిప్పి పెట్టాడు. ఏ.

వచ్చే గురువారం సూది పెట్టి కాలుస్తమన్నాడు. ఇంత చిన్న గడ్డకి కోత అక్కర్లేదన్నాడు. ఆ తర్వాత, దాచకుండా, లివర్ మాత్రం పాతదే సార్, గట్టిపడ్డదే, ఇంకో జాగల ఇంకోటి పుట్టచ్చు, మూడు నెలలకొకసారి ఫోటో తీస్కుంట పోవాలె అన్నాడు. దాచనందుకు అచ్యుతరావుకి ఆయన మీద గౌరవం పెరిగింది. మూడు నెలలకొకసారి తిరిగిచ్చి గడువు పొడిగించుకునే పుస్తకాలు ఆయన చేతుల మీదుగా వేలు పోయాయి. కొన్నిటిని అలా పొడిగించుకుంటూనే జనం ఏళ్ళ తరబడి చదివారు. బయటికొస్తుంటే ఫేబీ లేచి నిలబడి, ఏమొచ్చింది అంకుల్ అంది. సున్నా అన్నాడు. అనగానే ఆయనకి నవ్వొచ్చింది. జీవితంలో సున్నా మార్కులొచ్చి ఇంత సంతోషించడం ఇదే మొదలు. దేవునికి స్తోత్రం అంకుల్ అని ఆ పిల్ల బల్ల సొరుగులోంచి ఒక పిప్పరమెంటు తీసి చేతిలో పెట్టింది. రాగసుధ మెట్లు దిగుతూ, అలవాటుకొద్దీ ఆయన మోచెయ్యి పట్టుకోబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు మెట్లు దిగాక అచ్యుతరావే తన మోచెయ్యి కొంచెం పక్కకి పెట్టాడు. పట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదైంది. వంశీధర్ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి, సున్నా అంటే మంచిదా చెడ్డదా అని రెండుసార్లు అడిగి, మంచిదని తెలిశాక బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. బీరకాయ పప్పుతో భోజనాలయ్యాయి. పప్పులో ఉప్పు తక్కువగా ఉంది, ఉండాల్సినంతే తక్కువగా. తొమ్మిదింటికి అచ్యుతరావు తన గదిలో మంచం మీద వాలి, తెరిచి ఉన్న తలుపులోంచి వంటింటి దీపం చూస్తూ ఉన్నాడు. రాగసుధ గట్టు తుడిచింది. ఫిల్టరు తీసి, పై గిన్నెలో కాఫీపొడి వేసి, అణిచి, మూత పెట్టింది. దాని పక్కన అగ్గిపెట్టె. అగ్గిపెట్టె పక్కన ఒక గ్లాసు పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, ఇంకో గ్లాసు తెచ్చి పెట్టింది. తర్వాత దీపం ఆర్పి, ఆయన గది దాకా వచ్చి, ఆయన మెలకువగా ఉన్నాడని తెలిసీ, మెలకువగా ఉన్నాడని తనకి తెలీనట్టే, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.